చిక్కిపోతున్న వై, చెక్కుచెదరని వంశం

కొన్నేళ్ళకోసారి పత్రికల్లో ఒక వార్త వస్తూ ఉంటుంది. మగవాడిని మగవాడిగా తయారుచేసే వై క్రోమోజోమ్ అరిగిపోతోందట, ఏదో ఒకనాటికి పూర్తిగా మాయమైపోతుందట. పక్కనే తల పట్టుకున్న మగవాడి కార్టూన్ ఒకటి వేస్తారు. మన స్నేహితురాళ్ళు కొందరు ఈ వార్త చదివి ముసిముసిగా నవ్వుకోవడం నాకు తెలుసు. ఇన్ని ఉద్యమాలు చేసి మనం సాధించలేనిది ప్రకృతి తనంతట తానే చేసిపెడుతోందన్న తృప్తి ఆ నవ్వులో కనిపిస్తుంది. వాళ్ళ నవ్వుని నేను అర్థం చేసుకోగలను గానీ అందులో పాలుపంచుకోలేను. చాలా ఏళ్ళు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినదాన్ని. వై క్రోమోజోమ్ చరిత్ర తిరగేసిన కొద్దీ నాకు అర్థమైందేమంటే, ఆ చిన్న నూలుపోగులో ఉన్న జన్యువులు కొన్నే, దాని మీద మనుషులు రాసుకున్న కథలు మాత్రం బోలెడు.

ఈ చరిత్ర ఒక స్త్రీతో మొదలవుతుంది. పేరు నెటీ స్టీవెన్స్. 1861లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టింది. బడిపంతులమ్మగా, లైబ్రేరియన్‌గా పనిచేస్తూ డబ్బు కూడబెట్టుకుని, ముప్ఫై అయిదేళ్ళు దాటాక స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చేరింది. 1903లో బ్రిన్ మార్ మహిళా కళాశాల నుంచి డాక్టరేట్ తీసుకుంది. అప్పటికి ఆడ, మగ తేడా ఎలా ఏర్పడుతుందన్నది తేలని ప్రశ్న. తల్లి తినే తిండి వల్లనని, గర్భంలో ఉండే వేడి వల్లనని రకరకాలుగా అనేవారు. నెటీ స్టీవెన్స్ పిండిపురుగుల కణాలను మైక్రోస్కోప్ కింద పెట్టి ఓపికగా లెక్కబెట్టింది. ఆడపురుగు కణాల్లో 20 పెద్ద క్రోమోజోములు, మగపురుగు కణాల్లో 19 పెద్దవి, ఒకటి చాలా చిన్నది. మగపురుగు వీర్యకణాలు రెండు రకాలు: సగం వాటిలో పెద్దది, సగం వాటిలో చిన్నది. చిన్నది చేరిన అండం మగపురుగు అవుతుందని 1905లో ప్రకటించింది.

అదే సంవత్సరం కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ విల్సన్ కూడా విడిగా ఇలాంటి ఫలితాలే ప్రకటించాడు. ఆయన అప్పటికే పేరున్న ప్రొఫెసర్. తర్వాత చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఘనత ఆయనదీ, అదే విశ్వవిద్యాలయంలో ఈగల మీద పనిచేసిన థామస్ మోర్గన్‌దీ అయింది. మోర్గన్‌కి 1933లో నోబెల్ బహుమతి వచ్చింది. నెటీ స్టీవెన్స్ 1912లో, యాభై ఏళ్ళ వయసులో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. 1978లో స్టీఫెన్ బ్రష్ అనే చరిత్రకారుడు సైన్సు చరిత్ర పత్రిక 'ఐసిస్'లో ఆమె గురించి వివరంగా రాసేదాకా, వై క్రోమోజోమ్‌ని చూసి దాని పని చెప్పింది ఒక స్త్రీ అన్న విషయం మరుగునే ఉండిపోయింది. మగతనానికి గుర్తుగా ప్రపంచమంతా చెప్పుకునే వస్తువుని కనిపెట్టిన స్త్రీ పేరు పోయింది, వస్తువు మిగిలింది. మన సాహిత్య చరిత్రలో మరుగునపడ్డ రచయిత్రుల కోసం వెతికినవాళ్ళకి ఇదేమీ వింతగా తోచదు.

తర్వాతి యాభై ఏళ్ళూ మోర్గన్ ఈగలే అందరికీ ప్రమాణమయ్యాయి. ఈగలో వై లేకపోయినా మగఈగే పుడుతుంది, కాకపోతే దానికి సంతానం కలగదు. కాబట్టి మనిషిలో కూడా వై ఉత్తుత్తిదే అనుకున్నారు. 1959లో ఈ ఆలోచన తలకిందులైంది. ఒక్క ఎక్స్ మాత్రమే ఉండి వై లేనివాళ్ళు ఆడవాళ్ళుగా, రెండు ఎక్స్‌లూ ఒక వై ఉన్నవాళ్ళు మగవాళ్ళుగా ఉన్నారని తేలింది. మనిషిలో మగతనాన్ని మొదలుపెట్టేది వై అని అప్పుడు రుజువైంది.

ఆ మాట తేలిందో లేదో, వై మీద కథ అల్లడం మొదలైంది. ఒక వై మగవాడిని చేస్తే రెండు వైలు ఏం చేస్తాయి? 1965లో స్కాట్లండ్‌లో మానసిక సమస్యలున్న నేరస్థులను ఉంచే ఒక ఆసుపత్రిలో ప్యాట్రీషియా జేకబ్స్ బృందం 197 మందిని పరీక్షిస్తే ఏడుగురికి రెండు వైలు కనిపించాయి. అంతే, అదనపు వై అంటే అదనపు దౌర్జన్యం అన్న ప్రచారం ఊపందుకుంది. 1966లో షికాగోలో ఎనిమిదిమంది నర్సింగ్ విద్యార్థినులను చంపిన రిచర్డ్ స్పెక్‌కి రెండు వైలు ఉన్నాయని పత్రికలు రాశాయి. పరీక్షిస్తే అతనికి అందరు మగవాళ్ళకీ ఉన్నట్లే ఒక్క వై ఉంది. 1976లో డెన్మార్క్‌లో జరిగిన పెద్ద అధ్యయనం, రెండు వైలున్న మగవాళ్ళు ప్రత్యేకించి దౌర్జన్యపరులనడానికి ఆధారం లేదని తేల్చింది. నాకు ఈ ఘట్టంలో బాధ కలిగించే విషయం వేరే ఉంది. ఎనిమిదిమంది ఆడపిల్లలు హత్యకు గురైతే, ఒక మగవాడు ఆడవాళ్ళను చంపగలిగిన సమాజం గురించి అడగాల్సిన ప్రశ్నను తీసుకెళ్ళి ఒక క్రోమోజోమ్‌కి అంటగట్టారు. నేరం రక్తంలో ఉందంటే ఇక మారాల్సింది ఏమీ ఉండదు కదా!

అరిగిపోవడం కథ ఈ బలశాలి కథకి సరిగ్గా వ్యతిరేకం. దాన్ని అర్థం చేసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఎక్స్, వై ఒకప్పుడు మామూలు జంటే, రెండూ సమానంగా ఉండేవి. కోట్ల సంవత్సరాల కిందట వాటిలో ఒకదాని మీది ఒక జన్యువు మారి మగలక్షణాలను మొదలుపెట్టే మీట అయింది. ఆ తర్వాత ఆ రెండూ చాలా మేరకు ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకోవడం మానేశాయి. తక్కిన క్రోమోజోములన్నీ జంటలో రెండోదాన్ని చూసి తప్పులు దిద్దుకుంటాయి. ఎక్స్‌కి కూడా ఆడవాళ్ళ శరీరంలో ఆ అవకాశం దొరుకుతుంది. వై ఎప్పుడూ ఒంటరిది, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే పోతుంది. చెడిపోయిన జన్యువుని బాగుచేసుకునే వీలు లేక ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ వచ్చింది.

ఈ లెక్కను జనంలోకి తెచ్చింది జెన్నీ గ్రేవ్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త. కంగారూల మీదా ప్లాటిపస్‌ల మీదా పనిచేసిన మనిషి. 1987లో అమెరికాలో డేవిడ్ పేజ్ మగతనం మీట దొరికిందని ఒక జన్యువుని చూపిస్తే, అది కంగారూలలో వై మీద లేనేలేదని మరుసటి ఏడాది నిరూపించింది గ్రేవ్స్ బృందమే. ఆ పనిలో ఉన్న ఆమె విద్యార్థి ఆండ్రూ సింక్లేర్, 1990లో లండన్‌లో అసలు మీటను కనిపెట్టిన బృందంలో ముఖ్యుడు. ఆ జన్యువు పేరు ఎస్.ఆర్.వై. 2000లో గ్రేవ్స్ ఒక శాస్త్ర పత్రికలో వై గురించి రాసిన సమీక్షకి 'స్త్రీవాద దృష్టి' అని బాహాటంగా పేరు పెట్టింది. వై ఏదో మహా ప్రత్యేకంగా పుట్టింది కాదనీ, అది శిథిలమైన ఎక్స్ మాత్రమేననీ ఆమె వాదన. 2002లో జాన్ ఐట్కెన్‌తో కలిసి 'నేచర్' పత్రికలో లెక్క కట్టింది: మొదట 1500 దాకా ఉన్న జన్యువులు 30 కోట్ల సంవత్సరాల్లో 50 దాకా మిగిలాయి, ఇదే వేగంతో పోతే ఇంకో కోటి సంవత్సరాల్లో వై ఖాళీ.

ఆ వెంటనే పుస్తకాలు వెల్లువెత్తాయి. 2003లో బ్రయాన్ సైక్స్ అనే ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఆ గడువుని 1,25,000 సంవత్సరాలకు కుదించి మగజాతికి చరమగీతం రాశాడు. 2005లో అమెరికన్ కాలమిస్టు మౌరీన్ డౌడ్ అసలు మగవాళ్ళు అవసరమా అన్న ప్రశ్ననే తన పుస్తకానికి పేరుగా పెట్టింది. అవతలి పక్షానికి డేవిడ్ పేజ్ నాయకుడు. వై తనలోనే అద్దంలో ప్రతిబింబంలా ఉండే పెద్ద పెద్ద భాగాలను దాచుకుందనీ, వికటకవి అన్న మాటలా అవి ఎటునుంచి చదివినా ఒకటేననీ, వాటిలో ఒక సగాన్ని చూసి ఇంకో సగాన్ని దిద్దుకుంటుందనీ 2003లో ఆయన బృందం చూపించింది. 2012లో రీసస్ కోతి వైతో పోల్చి చూసి, గత రెండున్నర కోట్ల సంవత్సరాల్లో మనిషి వైలోని పురాతన జన్యువుల్లో పోయింది ఒక్కటేనని చెప్పింది. మొదట్లో వేగంగా అరిగింది నిజమే గానీ, తర్వాత నిలదొక్కుకుందని వాళ్ళ మాట. 2014లో వచ్చిన పరిశోధనలు మిగిలిన జన్యువుల్లో చాలావాటికి గుండె, రక్తం వంటి చోట్ల కూడా పని ఉందని, అందుకే అవి మిగిలాయని చెప్పాయి. 2023లో మొదటిసారి మనిషి వై మొత్తాన్ని, 6 కోట్ల 24 లక్షల పైచిలుకు అక్షరాలనూ, ఒక్కటి వదలకుండా చదివారు.

ఈ వాదంలో ఎవరిది పైచెయ్యి అన్నది శాస్త్రవేత్తలు తేల్చుకుంటారు. నేను గమనించింది వాళ్ళ భాష. ఒకరికి వై చేతకాని దుర్బలుడు, ఇంకొకరికి తన లోపాలను తానే దిద్దుకునే ధీరుడు. ఒక క్రోమోజోమ్‌ని మగవాడిగా ఊహించుకోకుండా దాని గురించి మాట్లాడటం ఎవరివల్లా కాలేదు. హార్వర్డ్‌లో సైన్సు చరిత్రకారిణి సారా రిచర్డ్‌సన్ 2013లో తెచ్చిన 'సెక్స్ ఇట్‌సెల్ఫ్' పుస్తకం ఈ భాషనే పట్టుకుని విమర్శించింది.

మరి వై నిజంగానే పోతే? జపాన్‌కి చెందిన అమామి ఓషిమా దీవిలో ముళ్ళ ఎలుక ఒకటి ఉంది. దానికి వై ఎప్పుడో పోయింది, ఎస్.ఆర్.వై. జన్యువు కూడా లేదు. ఆడదానికీ మగదానికీ ఒక్క ఎక్సే. అయినా ఆడ ఎలుకలూ ఉన్నాయి, మగ ఎలుకలూ ఉన్నాయి. 2022లో హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన అసాతో కురోయివా బృందం కారణం చూపించింది. మూడో నంబరు క్రోమోజోమ్ మీద ఒక చిన్న ముక్క మగఎలుకల్లో రెండుసార్లు ఉంది, ఆ మీట పని ఇప్పుడు అదే చేస్తోంది. అంటే వై పోయింది, మగ పోలేదు. పాత గుర్తు పోతే కొత్త గుర్తు వచ్చి చేరింది. ప్రకృతి మన తరఫున యుద్ధం చేస్తుందనుకునే వాళ్ళు ఈ ఎలుకను ఒకసారి తలచుకోవాలి.

ఇక మన ఇంటి సంగతి. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి పోయే వై దారిని చూస్తే ఇంటిపేరూ గోత్రమూ గుర్తుకొస్తాయి. వంశం నిలబెట్టేది కొడుకే అనేవాళ్ళకి సైన్సు సాక్ష్యం దొరికినట్లే అనిపిస్తుంది. లెక్క చూడండి. మగవాడి కణంలో ఉన్న మొత్తం డి.ఎన్.ఏ.లో వై దాదాపు ఒక శాతం. పున్నామ నరకం తప్పిస్తాడని కొడుకు కోసం చేసే వ్రతాలూ, మొక్కులూ, రెండో పెళ్ళిళ్ళూ అన్నీ ఆ ఒక్క శాతం కోసం. తక్కినదాన్ని తల్లిదండ్రులు కూతురికీ ఇస్తున్నారు, పైగా తండ్రి తన ఎక్స్‌ని కూతురికే ఇస్తాడు.

ఒకసారి లింగనిర్ధారణ పాఠం చెబుతుండగా, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచి నిలబడింది. "వై ఇచ్చేది తండ్రే అయితే మరి మా అక్కనెందుకు పుట్టింటికి పంపించేశారు మేడమ్?" అని అడిగింది. వాళ్ళక్కకు ముగ్గురూ ఆడపిల్లలట. బావగారు ఇంటర్‌లో బైపీసీ చదివినవాడేనట. క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది. నెటీ స్టీవెన్స్ ఆ జవాబు చెప్పి అప్పటికే తొంభై ఏళ్ళు దాటింది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఆ జవాబు రాసి పాసైనవాళ్ళు మన ఊళ్ళ నిండా ఉన్నారు. తప్పు తల్లిది కాదని తెలియక ఆమెను వెళ్ళగొట్టడం లేదు. ఆడపిల్ల పుట్టడమే తప్పనుకున్నాక ఆ తప్పుకి ఒక మనిషి కావాలి, ఆ మనిషి కోడలే కావాలి. అందుకే, తప్పు తల్లిది కాదు తండ్రిది అని నినాదం రాయడం కూడా నాకు చాలదనిపిస్తుంది. వీర్యకణాలు దాదాపు సగం ఎక్స్‌వీ సగం వైవీ, అందులో ఎవరి సంకల్పమూ లేదు. ఆడపిల్ల పుట్టుక అసలు నేరం కానేకాదన్నది మన వాదం కావాలి.

సైన్సు జ్ఞానం మన దగ్గర ఏ పనికి వచ్చిందో కూడా తెలుసు. ఉమ్మనీటి పరీక్షలో కణాలు తీసి మైక్రోస్కోప్ కింద వెతికింది ఈ వై కోసమే. జన్యులోపాలు పట్టుకోవడానికి వచ్చిన పరీక్ష, వై కనిపించకపోతే గర్భం తీయించే పరీక్ష అయిపోయింది. తర్వాత స్కానింగ్ వచ్చి ఆ పనిని ఇంకా చవక చేసింది. మహిళాసంఘాల పోరాటంతో 1988లో మహారాష్ట్రలో, 1994లో దేశమంతటికీ చట్టాలు వచ్చాయి. నెటీ స్టీవెన్స్ చేసినట్లే ఇక్కడా ఓపికగా లెక్కబెట్టారు, కాకపోతే ఉందా లేదా అని చూసి మిగతాది తీసిపారేయడానికి.

పెద్ద వేదికల మీదా ఇంతే. 2006లో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరాజన్ పతకాన్ని లింగపరీక్ష పేరుతో లాక్కున్నారు. ఇటుకబట్టీలో పనిచేసే తల్లిదండ్రుల బిడ్డ ఆమె. 2025 సెప్టెంబర్ నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ స్త్రీల విభాగంలో పోటీచేసేవాళ్ళకి ఎస్.ఆర్.వై. పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ జన్యువుని కనిపెట్టిన ఆండ్రూ సింక్లేరే, శరీరం చివరికి ఎలా తయారవుతుందో ఆ జన్యువు ఒక్కటే చెప్పలేదని బహిరంగంగా అభ్యంతరం చెప్పాడు. వై అరిగిపోతోందని బెంగపడేది మగవాళ్ళు, ఆ వై పేరుతో పరీక్షకు నిలబడేది మాత్రం ఆడవాళ్ళు.

కోటి సంవత్సరాల లెక్క పక్కన పెట్టుకుని చూడాల్సిన చిన్న లెక్క ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 1991లో 975 మంది, 2001లో 961, 2011లో 939. ఆ ఇరవై ఏళ్ళలో ఏ క్రోమోజోమూ మారలేదు.