పదివేల అడుగుల లెక్క ఎవరిది?

పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు మా అమ్మాయి నా ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ ఒకటి వేసి వెళ్ళింది. "రోజుకి పదివేలు అవ్వాల్సిందేనమ్మా" అని హుకుం. నా బరువు అప్పుడు 76 కిలోలు. షుగర్ సరిహద్దులో ఉందని, ఓ ఎనిమిది కిలోలు తగ్గితే మందుల దాకా రాకపోవచ్చని డాక్టరుగారు చెప్పి అప్పటికి వారమైంది. మా అమ్మ చివరి ఆరేళ్ళు షుగర్‌తో ఎలా గడిపిందో దగ్గరుండి చూసినదాన్ని. భయపడ్డాను.

సరే, తెల్లవారుజామున అయిదింటికి గోదావరి గట్టు మీద నడక మొదలు పెట్టాను. అయిదింటికే ఎందుకంటే చీకటి కాబట్టి. నలుగురూ చూస్తారని సిగ్గు. మా అత్తయ్యగారు వారం రోజులు ఊరుకుని ఎనిమిదో రోజు అడిగేశారు. "మేం తిరగలి తిప్పాం, నూతిలో నీళ్ళు తోడాం. ఒళ్ళు తగ్గడానికి గట్టెక్కి నడిచినవాళ్ళని చూళ్ళేదమ్మా!" ఆవిడ మాటలో తప్పేం లేదు. తిరగలి పోయి మిక్సీ వచ్చింది, నుయ్యి పోయి మోటారు వచ్చింది. మిగిలిపోయిన ఆ కష్టమంతా ఇప్పుడు గట్టు మీద తీర్చుకుంటున్నాం.

అయిదు నెలలు నడిచాను. తగ్గింది రెండు కిలోలు! పైగా పదివేలు ఏ రోజూ పూర్తయ్యేవి కాదు. రాత్రి పదింటికి వంటిల్లు సర్దుకున్నాక హాల్లో అటూ ఇటూ తిరిగేదాన్ని, ఫోన్లో ఆ గుండ్రం నిండుతుందేమోనని. మావారికి అదో వినోదం. ఒకరోజు ఒళ్ళు మండి, అసలీ పదివేలు ఎవరు పెట్టారో తేల్చుకుందామని కూర్చున్నాను.

తేలిందేమిటో చెప్తే నవ్వుతారు. ఇది డాక్టర్లు పెట్టిన లెక్క కాదు! 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. జపాన్‌లో అందరికీ వ్యాయామం మీద ఉత్సాహం వచ్చింది. మరుసటి ఏడు యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకి కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకునే చిన్న పరికరం ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మాంపోకేయి'. పదివేల అడుగుల మీటరు అని అర్థం. గుండ్రటి అంకె, పలకడానికి బాగుంది, అంటుకుపోయింది. అరవై ఏళ్ళ తర్వాత రాజమండ్రిలో ఓ ఇల్లాలు రాత్రి పదింటికి హాల్లో తిరగడానికి కారణం ఒక అమ్మకపు పేరన్నమాట.

2019లో అమెరికాలో ఐ-మిన్ లీ అనే పరిశోధకురాలు, ఆవిడ బృందం కలిసి ఈ లెక్కని పరీక్షకు పెట్టారు. 16,741 మంది ఆడవాళ్ళు, సగటు వయసు 72. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాకా ఆ లాభం పెరుగుతూ పోయింది, ఆపైన పెద్దగా తేడా లేదు. ఇది ఆయుష్షు లెక్కే గానీ బరువు లెక్క కాదు. అయినా నాకెంత ఊరటో! నా ఆరేడు వేలు వృథా కాదన్నమాట.

బరువు సంగతికొస్తే నాకు బాగా నచ్చింది లండన్ బస్సుల కథ. అక్కడి ఎర్ర బస్సులు రెండంతస్తులవి. ఆ రోజుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ మెట్లెక్కి దిగుతూనే ఉండేవాడు, రోజుకి కొన్ని వందల మెట్లు. ఇద్దరిదీ ఒకే బస్సు, దాదాపు ఒకే రకం బతుకులు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు ఆ ఉద్యోగుల రికార్డులన్నీ తిరగేసి, డ్రైవర్ల కంటే కండక్టర్లలో గుండెపోట్లు తక్కువని 1953లో ప్రకటించాడు. అప్పటిదాకా కదలికకీ గుండెకీ సంబంధముందని ఇంత స్పష్టంగా చూపించినవాళ్ళు లేరు.

కొందరు ఒప్పుకోలేదు. డ్రైవర్లు లావుగా ఉంటారేమో, అందుకే గుండెపోట్లేమో అన్నారు. అప్పుడు మోరిస్ ఏం చేశాడనుకున్నారు? యూనిఫాంల లెక్కలు తెప్పించాడు! ఎవరి ప్యాంటు నడుము ఎన్ని అంగుళాలో కంపెనీ దగ్గర రాసి ఉంటుంది కదా. డ్రైవర్ల నడుములు పెద్దవే, నిజమే. కానీ సన్నంగా ఉన్నవాళ్ళని సన్నవాళ్ళతో, లావువాళ్ళని లావువాళ్ళతో పోల్చి చూసినా కండక్టర్లే మెరుగ్గా ఉన్నారు. బట్టల కొలతలతో గుండె జబ్బు గుట్టు విప్పొచ్చని ఏ టైలరు మాత్రం ఊహిస్తాడు చెప్పండి! అన్నట్టు ఆ మోరిస్ 99 ఏళ్ళు బతికాడు.

అంటే లావు కండక్టరుకి కూడా మెట్లు మేలు చేశాయి. అది చదివాక తూకం మిషన్‌ని మంచం కిందకి తోసేశాను.

ఇంక పరుగు. దీని చరిత్ర చదువుతుంటే ఉడుకుమోత్తనం వచ్చింది నాకు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి 800 మీటర్ల పందెం పెట్టారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే ప్రపంచ రికార్డుతో గెలిచింది. పరిగెత్తిన తొమ్మిది మందీ చివరిదాకా వెళ్ళారు. పత్రికలేమో ఆడవాళ్ళు సొమ్మసిల్లి పడిపోయారని రాశాయి. అంతే, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 200 మీటర్లకు మించిన పరుగు మళ్ళీ 1960 దాకా లేదు. మగవాళ్ళు పందెం అయ్యాక రొప్పుతూ నేల మీద పడితే అది పట్టుదల!

1966లో బాబీ గిబ్ అనే అమ్మాయి బోస్టన్ మారథాన్‌కి దరఖాస్తు పెడితే, ఆడవాళ్ళ శరీరం అంత దూరానికి తట్టుకోలేదని జవాబొచ్చింది. ఆ అమ్మాయి బస్సులో దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది. సోదరుడి నిక్కరు వేసుకుని, పైన తలని కప్పే చొక్కా తొడుక్కుని, పందెం మొదలయ్యే చోట పొదల్లో దాక్కుంది. సగం మంది వెళ్ళాక గుంపులో కలిసిపోయింది. పక్కనున్న మగవాళ్ళు పసిగట్టారు గానీ, నిన్నెవరినీ ఆపనివ్వం, పరిగెత్తమని ధైర్యం చెప్పారట. 3 గంటల 21 నిమిషాల్లో పూర్తి చేసి, మూడొంతుల్లో రెండొంతుల మంది కంటే ముందొచ్చింది. ఆ రోజు పొద్దున ఆమెని కారులో దింపింది వాళ్ళమ్మ. నాకన్నిటికన్నా గుర్తుండిపోయింది అదే.

మరుసటి ఏడు క్యాథరిన్ స్విట్జర్ పొడి అక్షరాలతో పేరిచ్చి 261 నంబరు సంపాదించింది. దారిలో నిర్వాహకుడొకాయన ఆ నంబరు లాగేయబోయిన ఫోటో ప్రపంచమంతా చూసింది. బోస్టన్‌లో ఆడవాళ్ళని అధికారికంగా రానిచ్చింది 1972లో, ఒలింపిక్స్‌లో వాళ్ళకి మారథాన్ పెట్టింది 1984లో. 1984 అంటే నేను ఎనిమిదో తరగతి. అప్పటికి మా బడిలో ఆటల పీరియడ్ అంటే ఆడపిల్లలకి చెట్టు కింద కుట్లు, అల్లికలు.

పొదల్లో దాక్కున్న ఆ అమ్మాయి సంగతి చదివిన మర్నాడు ఆరింటికి బయల్దేరాను, వెలుగొచ్చాక. పరుగంటే నా మోకాళ్ళు ఒప్పుకోవు. ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా చిన్నగా పరుగు, తర్వాత నాలుగు స్తంభాలు నడక. అంతే.

ఏడాది తిరిగేసరికి 70కి వచ్చాను. అంతా నడక పుణ్యమేనంటే అబద్ధమే. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలట. నాబోటి వాళ్ళు గంట నడిస్తే కరిగేది రెండొందల పైచిల్లర. గట్టు దిగగానే రెండు బజ్జీలు తింటే చెల్లుకి చెల్లు. మొదటి అయిదు నెలలూ నేను చేసిన పని అదే మరి! రాత్రి అన్నం తగ్గించాకే ముల్లు కదిలింది. మూడు నెలల షుగర్ పరీక్ష మొన్న చేయించాను, మామూలు హద్దులోకి వచ్చింది.

నిన్న సాయంత్రం అత్తయ్యగారు మేడ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ కనిపించారు. నన్ను చూసి ఒడియాలు ఎండాయో లేదో చూడ్డానికి వచ్చానన్నారు. ఒడియాలు మొన్ననే డబ్బాలో పోశాం.