ఎగిరెడు పక్షియు ఛాయాగ్రహణ యంత్రమును



కృష్ణ లంకలలోను, కొల్లేటి తీరమునను పుట్టి పెరిగినవారికి పక్షి క్రొత్తవస్తువు కాదు. కార్తికము వచ్చుసరికి పరజలు మందలు మందలుగా వచ్చి నీటిపై వ్రాలుటయు, దాళువా దమ్ములలో కొంగలు నాగలివెంట నడచుటయు, తాటితోపులపై వానకోయిలలు చక్రములు తిరుగుటయు మనము చిన్ననాటినుండి చూచుచున్నవే. అయినను మనలో నెవరినైనను నిలిపి, “అయ్యా, కొంగ రెక్కను క్రిందికి కొట్టునప్పుడు రెక్కకొననున్న యీకలు ఏ వంక వంగును?” అని యడిగినచో తడుముకొనక చెప్పగలవారు అరుదు. ఇది మన యశ్రద్ధ కాదు. మనుష్యుని కన్ను అంతటి వేగమును విడదీసి చూడలేదు. ఒక చూపు చెరగకముందే మరియొకటి వచ్చి దానిపై బడును. కావుననే వేల యేండ్లు పక్షులతో కలసి బ్రదికియు, రెక్క యెట్లు ఆడునో మానవుడు ఎరుగక యుండెను. ఆ మర్మము ఎప్పుడు, ఎవరిచేత, ఏ సాధనముతో తెలిసెనో, ఆ కథ తుదకు మన బందరు వాని వరకు ఎట్లు వచ్చెనో చెప్పుటయే నా నేటి ప్రసంగము.

బందరు, పెడన కలంకారీ అద్దకములను చూడుడు. చిలుకలు, నెమళ్లు, హంసలు ఎంత సొగసుగా నుండును! కాని అవి చాలవరకు కొమ్మపై కూర్చున్నవి, లేదా నిలిచినవి. ఎగురు పక్షిని వ్రాయవలసినప్పుడు చిత్రకారుడు గురుపరంపరచే నేర్చిన రీతిగా రెక్కలు వ్రాయును. ఇందు తప్పేమియు లేదు. చూడ సాధ్యము కానిదానిని సంప్రదాయము పూరించినది. దేశదేశముల చిత్రకారులును అట్లే చేసిరి.

ఛాయాచిత్ర విద్య పుట్టిన పిదపనైన పక్షి వెంటనే చిక్కలేదు. 1851లో ఆర్చరు అను ఆంగ్లేయుడు తడిపలక పద్ధతిని కనిపెట్టెను. గాజుపలకకు మందు పూసి, అది తడియారకముందే చిత్రము తీసి, వెంటనే చీకటిగుడారములో కడుగవలెను. ఎదుటివాడు కొన్ని క్షణములు కదలకుండ నుండవలెను. నాటి చిత్రములలో చెరువు కనబడును, గట్టుపై చెట్టు కనబడును, ఎగిరిపోయిన కొంగ మాత్రము కనబడదు. 1871లో మాడక్సు అను వైద్యుడు పొడిపలకకు దారి చూపెను. పిమ్మట ఆ పలకలు అంగళ్లలో దొరకసాగినవి, వెలుగును గ్రహించు వేగము పెరిగినది. హైదరాబాదులో ఆరవ నిజాముచే రాజా బిరుదము పొందిన లాలా దీనదయాళు ఆ కాలపు చిత్రకారులలో మేటి. వేటకు వెళ్లిన దొరల చిత్రములు ఆయన యెన్నియో తీసెను. వాటిలో వేటకాండ్రు నిలిచియుందురు, మృగములు పడియుండును. ఆ దినములలో కదలని ప్రాణియే యంత్రమునకు వశమగుచుండెను.

మార్పు 1878లో వచ్చెను. అమెరికాలో మైబ్రిడ్జి అను చిత్రకారుడు స్టాన్‌ఫర్డు అను ధనికుని గుఱ్ఱము పరుగెత్తు బాటప్రక్కను 12 కెమేరాలను వరుసగా నిలిపి, గుఱ్ఱము దారములను త్రెంపుకొని పోవుకొలది ఒకదాని వెనుక నొకటి మూత తెరచుకొనునట్లు చేసెను. పరుగులో నొక క్షణమున గుఱ్ఱపు నాలుగు కాళ్లును నేల విడుచునని అప్పుడు లోకమునకు తెలిసెను. ఈ వార్త విని, ఫ్రాన్సు దేశమున మారే అను శరీరశాస్త్రజ్ఞుడు, గుఱ్ఱమునకు చేసినది పక్షికి చేయరాదా యని తలపోసెను. కాని గుఱ్ఱము మనము వేసిన బాటను పోవును. పక్షి తన యిచ్చవచ్చిన త్రోవను పోవును. దానికొరకు 12 పెట్టెలు ఎక్కడ నిలుపవలెను?

మారే తన పరికరమును వేటగాని తుపాకివలె చేయించెను. 1882లో సిద్ధమైన ఆ ఛాయాతుపాకికి గొట్టమున కటకము, తూటాలుండు చోట గుండ్రముగా తిరుగు గాజుపలక, క్రింద మీట ఉండెను. మీట నొక్కినచో క్షణమునకు 12 చిత్రములు పడును. ఒక్కొక్క చిత్రమునకు వెలుగు సోకు కాలము క్షణములో 720వ భాగము మాత్రమే. ఇటలీలో నేపుల్సు పట్టణము చెంతను ఆయన దీనిని భుజమున కెత్తి పక్షులపై గురిపెట్టుచు తిరుగుచుండగా, తుపాకి పేలదు, పిట్ట రాలదు, అయినను ఈతడు తృప్తితో ఇంటికి పోవుచున్నాడే యని అక్కడి పల్లెవాసులు ఆయనను పిచ్చివానిగా నెంచిరని చెప్పుదురు. చంపకయే పట్టుకొను వేట యొకటి కలదని వారికి అప్పటికి తెలియదు.

ఆ చిత్రములలో రెక్కయొక్క గుట్టు బయటపడెను. రెక్క తలుపువలె పైకి క్రిందికి మాత్రమే ఆడదు. క్రిందికి కొట్టునప్పుడు ముందునకు సాగుచు విప్పుకొనును, పైకి లేచునప్పుడు ముడుచుకొని వెనుకకు వచ్చును. కొననున్న యీకలు గాలి యొత్తిడికి పైకి వంగును. నేను మొదట వేసిన ప్రశ్నకు ఇదియే సమాధానము. జర్మనీలో అన్షుట్జు అను నతడు 1884లో ఎగురు కొంగలను తీసిన చిత్రములు, లిలియెంథాలు అను నింజనీరునకు గాలిలో తేలు యంత్రములు చేయుటకు ప్రేరణ మిచ్చెను. 1903లో రైటు సోదరులు విమానమును నడపుటకు ముందు పక్షిని నిలిపి చూపిన యీ గాజుపలకలు కలవని మరువరాదు.

ఇక ఈ కథ బందరునకు ఎట్లు వచ్చినదో వినుడు. మారేకు దెమెనీ అను సహాయకు డుండెను. వారిరువురును 1894లో విడిపోయిరి. దెమెనీ కనిపెట్టిన యంత్రముల హక్కులను గోమాఁ అను పారిసు వర్తకుడు చేపట్టి, చలనచిత్ర వ్యాపారమును పెంచెను. బొమ్మను ధ్వనితో జతపరచు క్రోనోమెగాఫోను అను యంత్రము ఆ గోమాఁ సంస్థవారిదే. దానిని 1910 ప్రాంతమున చెన్నపట్టణమునకు తెప్పించి ప్రజలకు చూపినవాడు రఘుపతి వెంకయ్యనాయుడు. ఆయన 1869లో మచిలీపట్టణమున జన్మించి, చెన్నపట్టణమున ఛాయాచిత్రశాల నడపినవాడు. గెయిటీ అను చిత్రప్రదర్శనశాలను కట్టించెను. ఆయన కుమారుడు ప్రకాశు 1921లో భీష్మప్రతిజ్ఞ చిత్రమును తీసెను. పక్షి రెక్కను చూడగోరి యొకడు చేసిన తుపాకి, సుమారు ముప్పది యేండ్లలో తెలుగువాని చేతిలో తెరపై బొమ్మల నాడించినది. ఒక ప్రశ్నను పట్టువిడువక అడిగినచో దాని ఫలము ఎంత దూరము పోవునో ఇందువలన తెలియును.

పక్షిశాస్త్రములో మాత్రము తుపాకి చాలకాలము వదలలేదు. నెల్లూరిలో వైద్యుడుగా నుండిన జెర్డను దొర 1843 మొదలు 1847 వరకు భారతపక్షుల చిత్రగ్రంథమును వెలువరించెను. ఆ కాలమున పక్షిని కొట్టి, చర్మము నొలిచి, ఎండించి చూచుటయే శాస్త్రము. ఇంగ్లండులో కీర్టను సోదరులు 1895లో పక్షిగూళ్లను గూర్చి పూర్తిగా ప్రకృతినుండి తీసిన ఛాయాచిత్రములతో గ్రంథము ప్రకటించిన పిదప క్రమముగా దృష్టి మారెను. మన కొల్లేటికి 1946లో నీలకంఠన్ అను కేరళీయుడు వచ్చి, ఆరేడు ప్రాంతమున గూడబాతులు గుంపుగా గూళ్లు పెట్టుటను గుర్తించి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వ్రాసెను. అప్పుడు గూళ్లు సుమారు 3000 అని లెక్క.

ఇప్పుడు సాధనముల ఎన్నికను గూర్చి నాలుగు మాటలు. మీ యిండ్లలో మనుమలు, మనుమరాండ్రు కెమేరా కొనిపెట్టుమని యడుగుచుందురు. అది యెట్టిదై యుండవలెనో పెద్దలకు తెలిసియుండుట మంచిది. ఒక లెక్క చూడుడు. గంటకు 54 కిలోమీటర్ల వేగమున పోవు పక్షి క్షణమునకు 15 మీటర్లు పోవును. కెమేరా మూత క్షణములో 60వ వంతు తెరచియున్నచో ఆలోపల పక్షి 25 సెంటీమీటర్లు, అనగా దాదాపు జానెడు, జరిగిపోవును. చిత్రము గీతవలె అలుకుకొనిపోవును. 2000వ వంతు మాత్రమే తెరచినచో అది జరుగునది ముక్కాలు సెంటీమీటరే. అంత తక్కువ కాలములో చాలినంత వెలుగు లోనికి రావలెనన్నచో కటకము పెద్దదిగా నుండవలెను, ఎండయు బాగుగా నుండవలెను. రెక్క కొన దేహముకంటె వేగముగా కదలును గనుక చిన్నపిట్టలకు ఇంకను తక్కువ కాలము కావలెను. 1930 తరువాత అమెరికాలో ఎడ్జర్టను విద్యుత్కాంతి మెరుపులతో తేనెపిట్టలవంటి సూక్ష్మపక్షుల రెక్కలను సయితము నిలిపి చూపెను.

నేడు దొరకు యంత్రములలో కొన్ని పక్షి కన్నును తామే వెదకి దానిపై దృష్టి నిలుపును. క్షణమునకు 20 చిత్రములు తీయగలవియు కలవు. ఎగురు పక్షులకు 400 మొదలు 600 మిల్లీమీటర్ల దూరకటకము వాడుక. కాని అది బరువైనచో చేయి వణకును. గంటసేపు ఎత్తి పట్టుకొనగల బరువే మంచి బరువు. నా మాట యడిగినచో, మొదట చిన్న దుర్భిణి కొనుడు. ఒక సంవత్సరము దానితో చూచి, ఏ పక్షి ఏ వేళకు ఎటునుండి లేచునో నేర్చినవానికి సామాన్యమైన కెమేరాయు ఫలించును. నేర్వనివానికి లక్షల విలువగలదియు వట్టి ఆకాశమునే పట్టి యిచ్చును. దివిసీమవంటి ఉప్పుగాలి తావులలో కటకమునకు బూజు పట్టును. ఇంటికి రాగానే తుడిచి, తేమను పీల్చు గుళికలతో మూతబిగువు డబ్బాలో నుంచవలెను.

నిలుచు చోటును గూర్చి మరియొక మాట. పక్షి సాధారణముగా గాలికి ఎదురుగా లేచును, గాలికి ఎదురుగానే వ్రాలును. శీతకాలపు ఉదయమున మన తీరమునకు గాలి ఈశాన్యమునుండి వీచును, సూర్యుడును తూర్పుననే యుండును. కావున ఎండయు గాలియు వీపున తగులునట్లు నిలిచినవానికి పక్షి ముఖాముఖిగా, వెలుగు నిండుగా వచ్చును. హంసలదీవి చెంత సాగరసంగమమున ఇసుకపై నిలిచి సముద్రపు కాకులను, ఉల్లంకులను చూచిన ప్రతిసారియు నా కిది నిజమనియే తోచినది. ఈ కిటుకు ఏ యంగడిలోను అమ్మరు. వలవేసిన మన జాలరి తాతలకు ఇది తెలియును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట చివరకు మిగిల్చితిని. ఆరేడు గూడబాతుల గూళ్లు 1975 నాటికి లేకుండ పోయినవి. తరువాత కొల్లేటిని చేపల చెరువులు ఆక్రమించినవి. 1999లో ప్రభుత్వము దానిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించెను, 2006లో చెరువుల గట్లను కొట్టించెను. కైకలూరు చెంత ఆటపాకలో ఇనుపమంచెలు నిలిపి గూళ్లకు చోటు కల్పించుటచే గూడబాతులు మరల పిల్లలను పెట్టుచున్నవి. 1977 ఉప్పెనలో మనుష్యులతోపాటు సకలమును పోగొట్టుకొన్న దివిసీమలో మడ అడవులకు 1989లో కృష్ణా అభయారణ్యమని రక్షణ కల్పింపబడెను. 1972 నాటి చట్టముచే వేట నిషిద్ధము. ఇట్లు తుపాకి పోయినది. కాని కెమేరా పట్టినవాడును హాని చేయగలడు. కూర్చున్న పక్షి చిత్రము చాలదని, ఎగురు చిత్రము కావలెనని, చప్పట్లు కొట్టి, రాళ్లు రువ్వి, ఆకాశమున డ్రోనులను త్రిప్పి గూళ్లపైనున్న పక్షులను లేపువారు కలరు. తల్లి లేచిన కొన్ని నిమిషములలోనే కాకి గ్రుడ్డును ఎత్తుకొనిపోవును, ఎండ పసికూనను మాడ్చును. తుపాకి ఒక పక్షిని చంపును. ఈ చప్పటులు ఒక చెట్టెడు సంతానమును చంపును.

దీనిని ఆపగలవారు అటవీశాఖ వా రొక్కరే కారు, గ్రామపు పెద్దలును. గూళ్లున్న చెట్టు మీ చెరువుగట్టుననో, గుడి వెనుకనో ఉండును. చిత్రములు తీయవచ్చినవానికి మంచినీళ్లిచ్చి, “నాయనా, దూరముగా నిలిచి, దానంతట అది లేచువరకు ఆగుము” అని మీరు చెప్పినచో వినకపోడు. మరియొకటి చేయుడు. మీ గ్రామమున ఏ సంవత్సరము ఏ చెట్టుపై ఏ పక్షులు గూళ్లు పెట్టెడివో, ఏ యేట మానినవో మీకు జ్ఞప్తి యున్నంతవరకు పిల్లలచే వ్రాయింపుడు. వారు తీసిన చిత్రముల వెనుక తేదియు, చోటును వేయింపుడు. తేది లేని చిత్రము గోడకు అలంకారము. తేదియు తావును గల చిత్రము సాక్ష్యము. రేపు ఒక చెరువును పూడ్చవచ్చినప్పుడు, ఇచ్చట పక్షు లెన్నడును లేవని యెవరైన వాదించినప్పుడు, ఆ సాక్ష్యమే పలుకవలెను. మారే తుపాకి రెక్కకదలికను నిలిపినది. మన చేతి యంత్రము మన ఊరి పక్షులనే నిలుపగలిగినచో అంతకంటె మంచి గురి వేరొకటి లేదు.