జైసల్మేరు: రాయియు నీరును

పశ్చిమ రాజస్థానమున, థార్ ఎడారిలో, త్రికూటమను గుట్టపై జైసల్మేరు దుర్గము కలదు. భాటీ వంశజుడైన రావల్ జైసలుడు, బయలున నున్న లోద్రవా నగరము రక్షణకు చాలదని యెంచి, 1156లో రాజధాని నిచటికి మార్చెను. మన దేశమందలి కొండకోటలలో పెక్కు నేడు నిర్జనములు. ఈ కోటలో మాత్రము వేలకొలది జనులు నేటికిని కాపురము సేయుచున్నారు.

ఈ పట్టణమునకు కీర్తి తెచ్చినది దాని పసుపు రాయి. సాయంకాలపు టెండలో అది మేలిమి బంగారమువలె మెఱయును. జురాసిక్ యుగమున ఈ ప్రాంతము కడలి క్రిందనుండెను; నాడు సముద్రగర్భమున పేరుకొనిన పొరలే ఈ శిలలు. మెత్తనివగుటచే అవి శిల్పి యులికి సులభముగా లొంగును. కోటలోని జైనాలయములును, దిగువ వీధిలో 19వ శతాబ్దిన పట్వా వర్తకులు కట్టించిన అయిదు హవేలీలును ఇందుకు సాక్ష్యములు. ఆ గవాక్షముల జాలీపనిని చూచినవారు అది రాయియో కొయ్యయో యని సందేహింతురు.

ఈ సంపద ఒంటెల బిడారుల వర్తకమువలన వచ్చినది. బొంబాయి రేవు వృద్ధిచెందిన కొలది బిడారులు తగ్గెను. 1947లో దేశవిభజనముతో సింధు దేశపు దారులు మూతపడెను. పట్టణము పేదదయ్యెను గాని కోట చెడలేదు.

దానికి కారణము నీటి పొదుపు. 14వ శతాబ్దిలో రావల్ గడసీ పేర వెలసిన గడీసర్ చెరువు పట్టణమునకు ప్రాణాధారము. స్త్రీలు కడవలతో నీరు మోసికొని గుట్ట నెక్కెడివారు. కడవ కడవకు లెక్క గల యింట నేలపాలగు నీరు స్వల్పము. 20వ శతాబ్ది ఉత్తరార్ధమున కుళాయిలు వచ్చినవి. యాత్రికులకై కోటలోనే వసతిగృహములు వెలసినవి. వాడిన నీరు పోవు త్రోవ చాలక గుట్టలోని మెత్తని పొరలలో నింకినది. పునాదులు కదలి కొన్ని బురుజులు కూలినవి. 1996లో ప్రపంచ స్మారక నిధివారు ఈ కోటను ఆపదలోనున్న కట్టడముల పట్టికలో చేర్చిరి. 2013లో యునెస్కో దీనిని రాజస్థాన్ కొండకోటలాఱింటిలో నొకటిగా ప్రపంచవారసత్వముగ గుర్తించినది.

జనులను దింపివేసినచో కోట నిలువవచ్చును, ఊరు నిలువదు. కుళాయి నీరు వలదని గుట్టమీది యిల్లాలితో ననుటయు న్యాయము గాదు. పూర్వులు శత్రువు గుట్ట నెక్కకుండ 99 బురుజులు కట్టిరి. నేటివారు వాడిన నీరు గుట్టలో నింకక దిగువకు పోవునట్లు కాలువలను కట్టి కాపాడుకొనవలసి యున్నది.