మణలి మీదుగా వచ్చిన వరస

ఇట్టా వచ్చి కూర్చో అబ్బయా. ఐర్లాండు వాళ్ల రీళ్లనే నాట్యపు వరసలు నేర్చుకోవాలని టెనర్ బ్యాంజో కొన్నావంట కదా, మీ అమ్మ చెప్పింది. ఆమె దిగులుగా చెప్పిందిగానీ నాకు మాత్రం భలే సంతోషం వేసింది. "సూళ్లూరుపేట యాడ, ఐర్లాండు యాడ" అని వీధిలో నలుగురూ అంటానే ఉంటారు. అననీ. ఆ పక్క దేశాల నాట్యపు వరసలు రెండు వందల ఏళ్ల కిందటే మన రైలు దారి పక్కనుండే ఊరికి వచ్చి, సంస్కృతం మాటలతో దేవుడి పాటలైనాయి. ఆ కథ చెప్తాను. ఫోను పక్కన పెట్టు. కుంపట్లో నిప్పు ఇంకా ఉంది, కాఫీ మళ్లీ కాచుకోవచ్చు.

ముందు నీ వాద్యం సంగతి. మా చిన్నప్పుడు ఈ పక్కన బ్యాంజో అంటే బొత్తాలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగే. ఇది వేరు. గుండ్రటి కట్టు మీద చర్మం బిగించి, పొడుగాటి మెడ పెట్టి, నాలుగు తీగెలు లాగిన వాద్యం. దీని పుట్టుక ఆఫ్రికాలో. బానిసలుగా పట్టుకుపోయిన జనం దాన్ని చేతుల్లో, జ్ఞాపకంలో మోసుకొని అమెరికా చేర్చారు. అక్కడ 1910 ప్రాంతంలో, టాంగో నాట్యాల మోజులో, నాలుగు తీగెల టెనర్ బ్యాంజో తయారైంది. న్యూయార్కుకు వలసపోయిన ఐరిష్ వాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకొని తమ ఊరి వరసలు మీటడం మొదలుపెట్టారు. ఫ్లానగన్ సోదరులని ముగ్గురుండేవాళ్లు, 1920ల్లో వాళ్ల రికార్డులకు మంచి గిరాకీ. ఆ తర్వాత డబ్లినర్స్ బృందంలో బార్నీ మెకెన్నా అని ఒక మహానుభావుడు (1939–2012). తీగెల్ని జి, డి, ఏ, ఇ శ్రుతికి దించి ఆయన వాయించిన తీరు చూసి ఐర్లాండంతా అదే పట్టుకుంది. అది ఫిడేలు శ్రుతే, ఒక స్థాయి కింద. మాండలిన్ శ్రుతీ అదే. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఆ రైలు దారి పక్క ఊరు, మణలి. అబ్బయా, నువ్వు మద్రాసుకు లోకల్ బండిలో చెవుల్లో ఏదో దూర్చుకొని, కళ్లు మూసుకొని పోతావు. మేము కిటికీ దగ్గర చోటు కోసం కొట్టుకునేవాళ్లం. బొగ్గు ఇంజను, కంట్లో నలకలు, అయినా కిటికీనే కావాలి. తడ, ఆరంబాకం, గుమ్మిడిపూండి, పొన్నేరి, మీంజూరు, ఎన్నూరు. బుట్టల్లో పులికాట్ రొయ్యలు ఎక్కించేవాళ్లు, ఆ వాసనకు ముక్కు మూసుకునేవాళ్లు, మూసుకుంటానే కేజీ ఎంతని బేరమాడేవాళ్లు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం! రాకెట్ల కేంద్రం షార్ రాకముందు మాట ఇది. 1971లో మొదటి రాకెట్టు లేచిందాకా మనది చెంగాళమ్మ గుడి, కాళంగి ఏరు, వరి పొలాలు, అంతే. మద్రాసు పోవడమంటే సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్టుకు పోవడం. పాత పుస్తకాలు, గ్రామఫోను ప్లేట్లు, పగిలిన ఫిడేళ్లు, అన్నీ అక్కడే. వాడు పది రూపాయలంటే మనం మూడనాలి, వాడు తిట్టాలి, మనం నాలుగడుగులు వెయ్యాలి, వాడు వెనక్కి పిలవాలి. ఆ మర్యాదంతా జరిగితేగానీ సరుకు చేతికి రాదు. అడిగినంతా ఇచ్చేవాడంటే ఆ అంగడివాడికీ చులకనే. బేరం ముగిశాక పావలాకు రెండిడ్లీ, కాఫీ. 1985లో ఆ మార్కెట్టు కాలిపోయింది. సరే, మార్కెట్టు సంగతి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

తిరువొత్తియూరు స్టేషన్లో దిగి పడమటికి పోతే మణలి. ఇప్పుడు నూనె శుద్ధి కర్మాగారాల గొట్టాలు కనపడతాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడ కంపెనీ దొరలకు దుబాసీలుగా ఉండే మొదలియార్ల కుటుంబం ఒకటి సంగీత విద్వాంసుల్ని చేరదీసింది. తంజావూరు సీమ నుంచి రామస్వామి దీక్షితులు పెళ్లాం పిల్లలతో వచ్చి వాళ్ల దగ్గర ఉన్నాడు. ఆయన పెద్దకొడుకే ముత్తుస్వామి దీక్షితులు (1775–1835). చిన్నవాడు బాలుస్వామి, 1786లో పుట్టాడు. మొదలియార్లతో పాటు ఈ అన్నదమ్ములు సెయింట్ జార్జి కోటకు పోయి కంపెనీ బ్యాండు వినేవాళ్లు. సిపాయిల కవాతుకూ, దొరల విందులకూ, నాట్యాలకూ వాయించే బ్యాండు అది. వాయించేవాటిలో ఇంగ్లండు, స్కాట్లాండు, ఐర్లాండు ముక్కలన్నీ కలిసే ఉండేవి.

తమ్ముడికి ఫిడేలు నచ్చింది. మొదలియారు ఒక దొరను కుదిర్చి నేర్పించాడు. బాలుస్వామి నేర్చుకున్న ఆ ఫిడేలే మన కచ్చేరీల్లో వయొలినై కూర్చుంది. మన తెలుగు నేలమీద ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది పలికిన పలుకు రికార్డుల్లో ఉంది, తప్పకుండా విను.

అన్నకు వరసలు నచ్చాయి. ఆ బ్యాండు వరసల్ని చెవితో పట్టుకొని, శంకరాభరణం స్వరాల్లో ఉంచి, గమకాలు వేసి మెలితిప్పకుండా ఉన్నవి ఉన్నట్టు ఉంచి, వాటికి సంస్కృతంలో స్తోత్రాలు కట్టాడు. వాటినే నోట్టుస్వరాలంటారు. నలభైకి దగ్గరగా ఉంటాయి. ఇంగ్లండు రాజు కోసం పాడే పాట ఉందే, దాని వరస మీద కట్టింది 'సంతతం పాహిమాం'. రాజును కాపాడమని దేవుణ్ణి అడిగే పాట అది, అమ్మవారిని తననే కాపాడమని అడిగే పాటైంది. నీకు కావలసింది ఇప్పుడొస్తుంది విను. 'జగదీశ గురుగుహ' అనేది లార్డ్ మెక్‌డొనాల్డ్ రీలు వరస మీద ఉందని పరిశోధకులు గుర్తుపట్టారు. స్కాట్లాండులో పుట్టిన రీలు, ఐర్లాండు వాళ్లు ఈ రోజుకీ తమదిగా వాయిస్తారు. 'వందే మీనాక్షి'కి మూలం రేక్స్ ఆఫ్ మాలో. మాలో అనేది ఐర్లాండులో కార్క్ జిల్లాలో ఒక ఊరు. నువ్వు డబ్బుపెట్టి పాఠాలు చెప్పించుకోబోయే వరస మన పిల్లకాయలకు పాటల అయ్యవార్లు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పిందే. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు రాతప్రతుల్లో కూడా ఇలాంటి వరసలు దొరికాయి.

మనుషులు చిత్రమైనవాళ్లు అబ్బయా. దొరల ఫిడేలును నెత్తిన పెట్టుకున్నారు. అదే దొరల దేశాల నుంచి వచ్చిన హార్మోనియం మాత్రం పనికిరాదని 1940 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు రేడియోలో వినపడనియ్యలేదు. ఆ రేడియో పెట్టుకున్నందుకు ఏటా పోస్టాఫీసులో పదిహేను రూపాయల లైసెన్సు కట్టేవాళ్లం. లైసెన్సు కట్టిన ఇంటి వసారాలో వీధి వీధంతా కూర్చొనేది, అదే వీధి ఊళ్లో నాటకానికి పోయి హార్మోనియం పెట్టె వాయిస్తే చెవి కోసుకునేది. మళ్లీ ఎవరన్నా అడిగితే "హార్మోనియమా, ఛీ" అనేది. పుర్రెకో బుద్ధి.

ఇంకో తెలివితక్కువతనం ఉంది, అది నాకు నచ్చదు. దాచుకోవడం. అపురూపమైన రాగమో కృతో చేతికొస్తే ప్రాణం పోయేదాకా ఎవరికీ చెప్పని విద్వాంసులుండేవాళ్లు. ఎదుటివాడు రాసుకుంటాడేమోనని కచ్చేరీలో సగంలో ఆపేవాళ్లు కూడా. మా అమ్మ పెరుగు తోడు అడిగిన వాళ్లకు లేదనేది కాదు. దీపం పెట్టాక మాత్రం ఇచ్చేది కాదనుకో, అది వేరే పట్టింపు. చెంచాడు ఇస్తే మన కుండలో పెరుగేమీ తరగదు, వాళ్లింట్లో రేపటికి కుండెడవుతుంది, మన పాలు విరిగిన రోజు మనకే తిరిగొస్తుంది. వరస కూడా అంతే కదా. నువ్వొకడికి నేర్పితే నీ దగ్గర పోయేదేముంది?

దాచుకోనివాళ్లూ ఉన్నారు. బాలుస్వామి మనవడు సుబ్బరామ దీక్షితులు (1839–1906) ఎట్టయపురం ఆస్థానంలో ఉండేవాడు. తాతల నాటి సంగీతమంతా ఆయన దగ్గర ఉంది. చిన్నస్వామి మొదలియారు అనే క్రైస్తవ పండితుడు పాశ్చాత్య స్వరలిపిలో మన సంగీతం అచ్చువేస్తూ, కళ్లు పాడుచేసుకొని, ఇది లోకానికి దక్కాలని పట్టుబట్టాడు. జమీందారు కూడా చెప్పాడు. 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వచ్చింది. 1,700 పేజీలు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229, స్వరాలూ గమకాల గుర్తులతో సహా. అచ్చయ్యింది నడి తమిళ దేశంలో, లిపి తెలుగు! మరుసటి ఏడు ఆయనే 'ప్రథమాభ్యాస పుస్తకము' వేశాడు. నోట్టుస్వరాలు ముప్పైకి పైగా అందులో ఉన్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1903లో, షికాగోలో ఇంకొకాయన ఇదే పని చేశాడు. పేరు ఫ్రాన్సిస్ ఓనీల్. కార్క్ జిల్లాలో పుట్టి, ఓడలెక్కి తిరిగి, షికాగో పోలీసుశాఖకు పెద్ద అధికారి అయ్యాడు. వేణువు వాయించేవాడు, వందల వరసలు నోటికి వచ్చు, స్వరలిపి రాయడం రాదు. ఆయన వాయిస్తుంటే జేమ్స్ ఓనీల్ అనే ఆయన రాసిపెట్టేవాడు. ఐర్లాండు నుంచి వచ్చిన వాయిద్యగాళ్లకు పోలీసు ఉద్యోగాలిచ్చి మరీ వరసలు కూడబెట్టాడు. అలా ఆయన వేసిన పుస్తకంలో 1,850 వరసలు. ఒకరు షికాగోలో, ఒకరు ఎట్టయపురంలో, ఒకరి పేరు ఒకరు విని కూడా ఉండరు. ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకోవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. కొనిపెడతావా? నవ్వబాకు, నిజంగానే అడుగుతున్నా.

పుస్తకాలున్నాయి గదా అని కాగితం చూసి మొదలుపెట్టేవు. వద్దు. రీలుకు రెండు భాగాలుంటాయి, ఒక్కో భాగం ఎనిమిది ఆవర్తాలు, ఒక్కోటి రెండుసార్లు వాయిస్తారు. మళ్లీ మొదటికి. అలా రెండు మూడు రీళ్లు ఆపకుండా ఒకదాని వెంట ఒకటి కలుపుతారు. మొదట నోటితో పాడుకో, స్నానం చేస్తూ, బస్సులో పోతూ. అక్కడి పెద్దవాళ్లు కూడా వాద్యం లేనప్పుడు నోటితో జతులు చెప్పినట్టే పాడేవాళ్లు, దానికే జనం ఆడేవాళ్లు. పాడగా పాడగా రాగం, మూలగ్గా మూలగ్గా రోగం. వరస నోటికొచ్చాక వేళ్లు వాటంతటవే వెతుక్కుంటాయి. బ్యాంజో తీగె మోగి వెంటనే చచ్చిపోతుంది, ఫిడేలు లాగా సాగదు. అందుకే ఒక స్వరాన్ని కింద, పైన, కింద అని మూడు దెబ్బలుగా చకచకా మీటి నింపుతారు. అది వాళ్ల గమకం అనుకో. మణికట్టు వదులుగా ఉంటేనే వస్తుంది. బిగబట్టావా, చెయ్యి నొప్పి తప్ప ఇంకేమీ రాదు. వేగం గురించి తొందరపడబాకు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు.

మన ఊరి పిల్లలు ఎందరో డబ్లిన్లో ఉద్యోగాలు చేస్తున్నారు. అటు పోతే వాళ్ల సాయంత్రం కూటాలకు పో. సెషన్ అంటారు. మన ధనుర్మాసం భజనల మాదిరే గుండ్రంగా కూర్చుంటారు, నాయకుడుండడు. ఒకరు ఎత్తుకుంటే తెలిసినవాళ్లు కలుస్తారు, తెలియనివాళ్లు ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే మర్యాద. బ్యాంజో గొంతు పెద్దది, నలుగురి మధ్య దాన్ని అణిచి వాయించాలి. అప్పటికే ఒక బ్యాంజో ఉంటే నీది బయటికి తీసేముందు వాళ్లనొక మాట అడుగు. నచ్చిన వరస వినపడితే దాని పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారనేది అడిగి తెలుసుకో. వాళ్లు ఆ పేరు సంతోషంగా చెప్తారు, నువ్వు ఇంకొకరికి నేర్పేటప్పుడు ఆ పేరు చెప్పాలి.

చెవితో నేర్చుకుంటే ఎంత దూరం పోవచ్చో పాలకొల్లు పిల్లవాణ్ణి చూడు. మాండలిన్ శ్రీనివాస్, 1969లో పుట్టాడు. వాళ్ల నాన్న మాండలిన్ వాయించేవాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు, ఆయనది గాత్రం, పెద్ద గాయకుడు చెంబైకి శిష్యుడు. ఆయన పాడేవాడు, పిల్లవాడు విని వాయించేవాడు. అంతే పాఠం. తొమ్మిదేళ్లకు గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కూర్చున్నాడు, పన్నెండేళ్లకు మద్రాసులో. మాండలిన్ మీద గమకం పలకదన్న పెద్దల ముందే, జంట తీగెలు తీసేసి ఒంటి తీగెలు ఐదు వేసుకొని, కరెంటు తగిలించి, పలికించాడు. 2014లో నలభై ఐదేళ్లకే పోయాడు. ఆ వార్త విన్నరోజు నాకు అన్నం సహించలేదు.

ఇందాక శ్రుతి గుర్తుపెట్టుకోమన్నాను. ఎదురింటి పిల్లకాయ దగ్గర మాండలిన్ ఉంది, రెండేళ్లుగా అటక మీదే. నీ బ్యాంజోకీ దానికీ వేళ్లు పడే చోట్లు ఒక్కటే, మెడ పొడుగు తేడా. రేపు సాయంత్రం వాణ్ణి పిలువు. మొదట రేక్స్ ఆఫ్ మాలో నేర్పు, వెనకే 'వందే మీనాక్షి' నేను పాడతా, ఇద్దరూ అందుకోండి. ఏదీ, మొదటి భాగం నోటితో ఒకసారి అను, ఎంతవరకు వచ్చిందో చూస్తా.