ఇంటివిద్య విశ్వవిద్యాలయమున కెక్కిన కథ

దొరవారిసత్రము పెద్దలు కొందఱు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: “బిడ్డను పెంచుట, కుటుంబమున మెలగుట మన యింటి అవ్వ నేర్పదా? దానికి పట్టమేల?” ఈ ప్రశ్న సమంజసమైనదే. ఆ చదువు పుట్టిన తీరు తెలిసినగాని దీనికి బదులు దొరకదు.

అమెరికాలో ఎల్లెన్ రిచర్డ్సు అను రసాయనశాస్త్రజ్ఞురాలు 1899లో లేక్ ప్లాసిడ్ అను చోట కొందఱను సమావేశపఱచి, ఇంటిపనియు శాస్త్రముగా చదువదగినదేనని వాదించెను. మొదట అది వంట, కుట్టు, పొదుపు, పరిశుభ్రతల చదువు. బిడ్డ సంగతి పిమ్మట వచ్చెను. వచ్చిన తీరు వినుడు. 1920 ప్రాంతమున కార్నెల్ విశ్వవిద్యాలయమువారు అనాథశిశువులను ఎరువు దెచ్చుకొని విద్యార్థినుల యింట నుంచిరి. ఆ పడుచులు వంతులు వేసికొని తల్లులైరి! బిడ్డ యెంత త్రాగెను, ఎంత నిద్రించెను, ఎంత తూగెను అన్నది పుస్తకమున కెక్కెను. తరువాత ఆ బిడ్డను పెంపున కిచ్చివేసిరి. బిడ్డలు చక్కగా పెరిగిరనియే చెప్పుదురు. కాని వంతువంతునకు తల్లి మాఱిన బిడ్డ మనసు లెక్క ఏ పుస్తకమున నెక్కును?

1951లో జాన్ బౌల్బీ అను ఆంగ్లవైద్యుడు ప్రపంచ ఆరోగ్యసంస్థకు నివేదిక వ్రాసి, పసిబిడ్డకు విడువక అంటిపెట్టుకొనియుండు తల్లియో, తల్లివంటివారో ఉండితీరవలెనని చాటెను. మన అవ్వలు ఈ మాట వినియుండినచో నవ్వియుందురు.

అయినను అవ్వ చెప్పినదెల్ల వేదము కాదు. బిడ్డ పుట్టగనే ముర్రుపాలు పిండి పాఱబోయు ఆచారము మన యిండ్లలో ఎంతకాలము సాగినది! రోగములనుండి బిడ్డను కాచు సత్తువ ఆ పాలయందే కలదని శాస్త్రము తేల్చినది.

మన దేశమున బరోడాలో 1949లో శాయాజీరావు విశ్వవిద్యాలయము వెలసినప్పుడు, శ్రీమతి హంసా మెహతా ఉపాధ్యక్షురాలుగా నుండ, గృహవిజ్ఞానము ప్రత్యేక విభాగమై శిశువికాసమునకు అందు చోటు దొరకెను. అచ్చట ప్రమీలా ఫాటక్ చేసిన పని నాకు మిక్కిలి ఘనమైనదిగా తోచుచున్నది. బిడ్డ ఎన్నవ నెలలో బోర్లపడును, కూర్చుండును, మాటలాడును అను కొలతలు అంతకుముందు పరదేశపు బిడ్డలనుండి వచ్చినవి. ఆమె రెండున్నర యేండ్లలోపు మన బిడ్డలనే పరీక్షించి, 1970లో మన కొలతను సిద్ధపఱచెను. కొలత పరాయిదైనచో, బాగున్న బిడ్డను చూచి తల్లి బెదరును. వెనుకబడిన బిడ్డకు సాయ మాలస్యమగును.

మన ప్రాంతమునకు వత్తము. తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసినవి. రెంటను గృహవిజ్ఞానము కలదు. 2022లో మన మండలము తిరుపతి జిల్లాలోనే చేరినది.

నేలపట్టు చెట్లపై గూడబాతులు పులికాటు చేపలు దెచ్చి పిల్లల నోట నందించుటకు కళాశాల అక్కఱ లేదు. నిజమే. కాని గూడబాతు కొడుకు ఉద్యోగమునకై చెన్నపట్టణము పోడు. అక్కడి అద్దెయింట తొలిచూలు కోడలికి, అర్ధరాత్రి బిడ్డ గుక్కపట్టి యేడ్చినచో, ప్రక్కన అవ్వ లేదు. అందుచేత ఈ చదువు కావలసివచ్చినది.

రేపు ఒక విద్యార్థిని పుస్తకము చేతబట్టి మీ వాకిటికి వచ్చి, “అవ్వా, ఎందఱిని కంటివి? ఎందఱు దక్కిరి?” అని యడుగవచ్చును. కసరి పంపకుడు. పీట వేసి, ఉన్నది యున్నట్లు చెప్పనిండు.