పల్నాటి ఇల్లాలి బచ్చలికూర

రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి అమ్మ ఫోన్ చేస్తుంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏం కూర?" అన్నం సంగతి అడగదు. అది ఎలాగూ ఉంటుంది, మారేది కూరే. నేను చెప్తాను, తను చెప్తుంది, పక్కింటావిడ ఏం చేసిందో కూడా చెప్తుంది. రెండు నిమిషాల్లో అయిపోతుంది. చాలా ఏళ్ళు దీన్ని ఊసుపోక మాట్లాడే మాటల్లోనే జమకట్టాను.

ఈ మధ్య సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) మళ్ళీ తిరగేస్తుంటే ఒక అనుమానం వచ్చింది. రాజుల వరసలు పక్కన పెట్టి జనం తిండీ బట్టా ఆటపాటలూ కావ్యాల్లోంచి ఏరిపెట్టిన పుస్తకం అది. అందులో భోజనాల ప్రస్తావనలకు కొదవ లేదు. కానీ ఐదారువందల ఏళ్ళ కిందట, పండగా పబ్బమూ లేని రోజున, ఒక మామూలు ఇంట్లో ఏం వండుకున్నారో ఎవరు చెప్పారు? వండినవాళ్ళయితే చెప్పలేదు. చెప్పిందంతా తిన్నవాళ్ళే.

'క్రీడాభిరామం' సంగతి తేలిక. ఓరుగల్లులో ఒక పూటకూళ్ళ ఇంట్లో రూక ఇస్తే ఏమేం పెడతారో అందులో జాబితా ఉంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, మీగడ పెరుగు. డబ్బు చేతులు మారింది కాబట్టి జాబితా మిగిలింది. మెనూ కార్డు అనుకోండి.

'ఆముక్తమాల్యద' దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు వచ్చిన వైష్ణవులకల్లా అన్నం పెడుతుంటాడు. ఏ కాలంలో ఏం పెట్టేవాడో రాయలు ఒక్కో కాలానికి ఒక్కో పద్యంలో చెప్తాడు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పలచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్ళు. చలికాలంలో మిరియాల పొడి వేసి, ఇంకా చుయ్యిమంటూనే ఉన్న కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్ళు. వానాకాలంలో నాలుగైదు కూరలు, పొట్టు తీసిన పప్పు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. వరుగులంటే ఎండబెట్టి దాచిన కూరముక్కలు. ముసురులో కూరగాయలు దొరకవని వేసవిలోనే ఒకావిడ ఆలోచించుకుని పెట్టుకుందన్నమాట.

ఆవిడ ఆ పద్యంలో ఒక్క క్షణం కనిపిస్తుంది కూడా. వానకి కట్టెలు తడిసిపోతాయి, పొగ కమ్మేస్తుంది. భార్య కళ్ళలోకి పొగ పోకుండా కొబ్బరి చిప్పలు మండించి వండించేవాడట. యుద్ధాలు చేసుకునే రాజుకి పొయ్యి ముందు కూర్చున్నావిడ కళ్ళు గుర్తొచ్చాయి చూడండి, నాకు ఆ పద్యం మొత్తంలో ఇష్టమైనది అదే. కానీ అది కూడా రోజువారీ వంట కాదు. అతిథుల కోసం వండింది, ఆదర్శం కోసం రాసింది. ఆవిడ తర్వాత వంటింట్లో ఒంటరిగా కూర్చుని ఏం తిన్నదో పద్యంలో లేదు.

ఇక శ్రీనాథుడు. కొండవీటి రెడ్ల కొలువులో సన్నబియ్యం తిన్న మనిషి. పల్నాడు వెళ్తే ఏ ఇంట చూసినా జొన్నకూడే. మన్మథుడైనా ఇక్కడ జొన్నకూడే తినాలని ఒక చాటువులో వాపోయాడు. ఇంకో చాటువులో ఏకంగా కృష్ణుడికే సవాలు విసిరాడు. పూతన విషం తాగాననీ కార్చిచ్చు మింగాననీ గొప్పలు పోతావెందుకు, చింతచిగురేసి ఉడికించిన బచ్చలికూర కలుపుకుని ఒక్క జొన్నముద్ద మింగు, నీ పస తెలుస్తుంది అని. ఇవన్నీ శ్రీనాథుడివని జనం చెప్పుకునేవే, ఏ కావ్యంలోనూ లేవు. ఎవరిదైనా వేళాకోళం మాత్రం పైనుంచి వచ్చిందే.

మా అమ్మమ్మది పల్నాడు. బడిలో నేర్చుకున్న ఉత్సాహంతో ఈ పద్యం ఆవిడకి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నా. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడా?" అంది. కాసేపాగి, "ఆవిడేమనుకుందో పాపం" అంది. నాకు ఆ 'ఆవిడ' అప్పటిదాకా తట్టనే లేదు.

నా ఉద్యోగంలో ఒక సంగతి ఉంది. సిస్టమ్ సవ్యంగా నడిచినంతసేపూ లాగ్‌లో పెద్దగా ఏమీ పడదు, ఏదైనా విరిగినప్పుడే వివరంగా రాస్తుంది. ఈ చాటువు కూడా అలాంటిదే. పొగడ్త కోసం రాసి ఉంటే పల్నాటి ఇంట్లో కూడా పంచభక్ష్యాలే దొరికేవి. గొంతు దిగలేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాశాడు: జొన్న, బచ్చలి, చింతచిగురు. విష్ణుచిత్తుడి విందు కంటే, ఓరుగల్లు పూటకూళ్ళ కంటే నేను ఈ తిట్టునే ఎక్కువ నమ్ముతాను. ఒక మామూలు ఇంటి మామూలు పూట, దొడ్లో పాకిన తీగా, ఊళ్ళో చెట్టూ కలిసి కూరయిన సంగతి ఇంత సూటిగా ఇంకెక్కడా నాకు కనపడలేదు.

శ్రీనాథుడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆ కూరలో మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళతో వచ్చింది, ఆయన పోయాక ఎప్పటికో. ఇవాళ మిరపకి పేరుమోసిన పల్నాడులో ఆయన కారం లేని చింతచిగురు తిన్నాడు. కొంచెం జాలిపడొచ్చు.

జొన్నకూడు ఆయనతో పోలేదు. అమ్మమ్మ చిన్నప్పుడు వరన్నం పండక్కే. నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ తర్వాత వాళ్ళ ఊళ్ళో వరి వచ్చింది, జొన్న తినడం నామోషీ అయింది. ఇప్పుడు హైదరాబాదులో మా ఆఫీసు వీధి చివర బండి మీద జొన్నరొట్టెలు కాలుస్తుంటే, షుగర్ ఉన్నవాళ్ళం, బరువు తగ్గాలనుకునేవాళ్ళం వరసలో నిలబడి కొనుక్కుంటున్నాం.

అమ్మమ్మ పోయి నాలుగేళ్ళు. ఆవిడ అరిసెల పాకం కొలతలు నా దగ్గర రాసి ఉన్నాయి. అరిసెలు పండక్కి కదా, అడిగి రాసుకున్నాను. రోజూ చేసే కూరలు ఒక్కటీ రాసుకోలేదు. అడగాలనే తోచలేదు.

మొన్న రైతుబజారులో చింతచిగురు కనపడితే బచ్చలికట్ట కూడా తెచ్చాను. కందిపప్పు, బచ్చలి, చిగురు అన్నీ కుక్కర్లో ఒకేసారి పడేశాను. ఎన్ని కూతలొచ్చినా పప్పు పలుకు మీదే ఉంది. ఎనిమిదిన్నరకి ఫోన్.

"ఏం కూర?"

చెప్పాను. పప్పు ఉడకలేదని కూడా చెప్పాను.

"చిగురు ముందే వేసుంటావు. పులుపు తగిలితే పప్పు ఉడకదురా. పప్పు మెత్తబడ్డాక వెయ్యాలి. మీ అమ్మమ్మయితే అసలు పప్పే వేసేది కాదు, ఉల్లిపాయ వేసి దగ్గరగా ఉడికించేది, జొన్నన్నంలోకి."

శ్రీనాథుడి పద్యంలోనూ పప్పు లేదు. ఆయనకి పెట్టినావిడ ఉల్లిపాయ వేసిందా అని అడిగేలోపే, పక్కింటావిడ చేసిన గుత్తొంకాయ సంగతి మొదలైంది.