పాము కాటు: రైతు కుటుంబాలు పాటించవలసిన జాగ్రత్తలు

వానాకాలంలో నాట్లు, కలుపుతీతలతో పాటు పాము కాట్లూ పెరుగుతాయి. పాము విషానికి మందు ఉంది. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరితే చాలామంది బతుకుతారు.

ఏ పాములు ప్రమాదకరం?

మన ప్రాంతంలో ప్రాణాపాయం ఎక్కువగా నాలుగు పాముల వల్లే: నాగుపాము (తాచు), కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి.

- నాగుపాము: కాటు వేసిన చోట నొప్పి, వాపు వస్తాయి. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది.
- పింజరులు: విపరీతమైన నొప్పి, వాపు ఉంటాయి. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడవచ్చు. రక్తపింజరి విషంతో కిడ్నీలు దెబ్బతింటాయి.
- కట్లపాము: రాత్రిపూట, ఎక్కువగా నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. గాట్లు కూడా కనిపించకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు వచ్చి కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వెంటనే చేయవలసినవి

- ధైర్యం చెప్పండి. నడవనివ్వకండి, పరుగెత్తనివ్వకండి.
- వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు తీసేయండి.
- కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా కర్రబద్ద పెట్టి, గుడ్డతో వదులుగా కట్టండి.
- 108కి ఫోన్ చేయండి. వాహనం ఆలస్యమయ్యేలా ఉంటే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లండి.
- కరిచిన సమయం గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.

చేయకూడనివి

- తాడుతో బిగించి కట్టకండి. రక్తం ఆగి అవయవం కుళ్లిపోవచ్చు. ఇప్పటికే కట్టి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పకండి, డాక్టరు చూసి విప్పుతారు.
- గాటు కోయకండి, నోటితో పీల్చకండి, పసర్లు పూయకండి.
- పామును పట్టుకోవడానికి, చంపడానికి సమయం వృథా చేయకండి.

మంత్రంతో తగ్గిందంటారు, నిజమేనా?

చాలా పాములకు విషం ఉండదు. విషపాము కరిచినా ఒక్కోసారి విషం లోపలికి ఎక్కదు. అలాంటివారు ఏమీ చేయకపోయినా బతుకుతారు, పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. నిజంగా విషం ఎక్కినవారికి మంత్రం దగ్గర పోయిన ప్రతి గంటా ప్రాణం మీదకు తెస్తుంది.

ఆసుపత్రిలో చికిత్స

విషం ఎక్కిన లక్షణాలు ఉంటే విషవిరుగుడు ఇంజెక్షన్ ఇస్తారు. ఒకే మందు పైన చెప్పిన నాలుగు పాములకూ పనిచేస్తుంది. పిల్లలకూ పెద్దలకూ ఒకటే మోతాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. బాగానే ఉన్నట్టు అనిపించినా కనీసం 24 గంటలు డాక్టరు పర్యవేక్షణలో ఉండాలి.

ముందు జాగ్రత్తలు

- రాత్రి మోటారు వేయడానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, చేతికర్ర, గమ్‌బూట్లు తప్పనిసరి.
- గడ్డి, కట్టెలు, పిడకలు ఎత్తేముందు కర్రతో కదిలించండి.
- ధాన్యం బస్తాల దగ్గర ఎలుకలు చేరకుండా చూడండి. ఎలుకల కోసమే పాములు ఇంట్లోకి వస్తాయి.
- మంచం మీద పడుకోండి. దోమతెర అంచులను పరుపు కిందకు దోపుకోండి.
- విషవిరుగుడు మందు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కుని, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.